మోటారుకు పోసిన తీర్థం

నా తెలివి మోకాల్లో ఉందని మా ఆవిడ పెళ్లయిన నాటి నుంచీ అంటోంది. ఈ చలికాలంలో ఆ మోకాలు కూడా పోయింది. ఊరికే పోలేదు. సిద్దిపేట పాత బస్టాండు దగ్గరి టీ కొట్టు ముందు, ఇరవై మంది లెక్కపెడుతుండగా పోయింది.

వాళ్లు లెక్కపెట్టింది నా కిక్కులు. పొద్దున పూట చల్లబడ్డ నా బండిని లేపడానికి మామూలుగా ఆరేడు కిక్కులు పడతాయి. ఆ రోజు పది దాటినా బండి మూలిగిందే తప్ప లేవలేదు. టీ గ్లాసులు చేతబట్టుకుని అందరూ వేలంపాట పాడినట్టు "పదకొండు... పన్నెండు..." అంటున్నారు. పద్నాలుగో కిక్కుకు టక్ మని శబ్దం వచ్చింది. బండి లేచిందేమో అనుకున్నాను. అది నా మోకాలు.

వాళ్లను తప్పుపట్టను. ఆ టీ కొట్టు దగ్గర నా నోటికి చిక్కని మనిషి లేడు. కొత్తగా స్కూటీ కొన్నవాణ్ని "ఏం తమ్మీ, చీర గూడ తెచ్చుకున్నవా?" అని అడిగింది నేను. బటన్ నొక్కి బండి లేపేవాళ్లను చూసి "సెల్ఫు ముసలోళ్లకు. మగోడు కిక్కు కొట్టాలె" అని తీర్పు చెప్పిందీ నేనే. నిజానికి నా బండికీ సెల్ఫ్ ఉంది. హ్యాండిల్ కుడివైపు ఎర్రటి బటన్ కూడా ఉంది. నాలుగేళ్ల కింద అది పనిచేయడం మానేసింది. బాగుచేయించని బద్ధకానికి మగతనం అని పేరు పెట్టుకుని తిరిగాను. మన దగ్గర చాలా మగతనాల సంగతి ఇంతే.

దవాఖానలో డాక్టరు మోకాలిని అటూ ఇటూ వంచి, "ఇంక కిక్కు కొట్టొద్దు" అన్నాడు.

"ఎన్ని రోజులు సార్?"

"ఎన్ని రోజులు బతుకుతవ్?"

నాకంటే వేగంగా జవాబు చెప్పే మనిషిని చూసి నాకు ముచ్చటేసింది. మాత్రలు కూడా మరిచిపోయి వచ్చేశాను.

బండి గురించి చెప్పాలి. అది జపాన్‌లో పుట్టింది, బొంబాయిలో దిగింది, సిద్దిపేటలో నా పాలబడింది. నలభై ఏళ్ల పైమాట దాని వయసు. ఎనిమిదో తరగతి దగ్గర బడికీ నాకూ రాజీ కుదిరాక, అంటే నేను దాన్ని వదిలేశాను, అది నా కోసం వెతకలేదు, ఒక పటేలు దగ్గర డ్రైవరుగా చేరాను. ఆ పటేలు కుర్రతనంలో సోకుగా కొనుక్కున్న బండి ఇది. ఆయన రాజకీయాల్లోకి దిగగానే దీని మీద మనసు విరిగింది. "రెండు గీరెల మీద తిరిగేటోన్ని లీడరని ఎవలంటరు రా?" అని తెల్లటి పెద్ద కారు కొని, దీన్ని నాకిచ్చేశాడు. ఆ కారులోనే మూడు పార్టీలు తిరిగాడు. ఈ బండి మాత్రం పన్నెండేళ్లుగా ఒకే మనిషిని నమ్ముకుని ఉంది.

డ్రైవర్ పని మానేశాక నేను ఫ్లెక్సీల దుకాణం పెట్టుకున్నాను. నాయకుల ముఖాలను తెల్లగా చేయడం నా వృత్తి. వాళ్ల చేతులను తెల్లగా చేయమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మోకాలికి పట్టీ చుట్టుకుని దుకాణంలో కూర్చుని ఉండగా మా బామ్మర్ది వచ్చాడు. ప్లాట్ల వ్యాపారం అతనిది. నాలుగేళ్ల కూతురికి వసంత పంచమి నాడు వర్గల్ సరస్వతి గుడిలో అక్షరాభ్యాసం పెట్టుకున్నాడు. దానికి ఫ్లెక్సీ కావాలట. ఫోన్లోంచి ఫొటోలు చూపించాడు. పై వరుసలో ఏడుగురు నాయకులు, పక్కన అతను, కింద మూల తపాలా బిళ్లంత పిల్ల.

"సరస్వతమ్మ ఏది రా?" అన్నాను.

"జాగ లేదు బావా."

"జాగలమ్మేటోనికి జాగ లేదా?"

అతను నవ్వలేదు. కాసేపు నా మోకాలి పట్టీని చూశాడు. అప్పుడు నవ్వాడు. "పంచమి నాడు పొద్దుగాల్ల బయలెల్లుడు. నువ్వు మా కార్ల ఎక్కు."

"నాకు బండి లేదా?"

"ఉన్నది. లేస్తదా?"

"లేవకుంటే నేను లేపుత."

"నిన్నెవలు లేపుతరు? టీ కొట్టుకాడి ముచ్చట ఊరంత తెల్సింది. కారు వద్దంటే అక్క స్కూటీ ఎన్క కూసొని రా. జర గట్టిగ పట్టుకొని కూసో, పడతవ్."

ఈ మాట అతను మెల్లగా అనలేదు. పక్కన జిరాక్స్ దుకాణం వాడికి కూడా వినపడేట్టు అన్నాడు. నేను ఊరుకుంటే నేను కాను. "నా బండి మీద, నేనే నడుపుకుంట వర్గల్ వస్త. మీ కారుకంటె ముంగట మెట్ల కాడ ఉంట" అన్నాను.

"రాకపోతే?"

"నువ్వే చెప్పు."

"మల్ల పంచమి దాక నువ్వు ఎవ్వలి మీద జోకెయ్యద్దు. ఒక్కటి గూడ. ఒప్పుకుంటవా?"

చేతిలో చెయ్యి వేశాను. చేసేశాక భయమేసింది. ఆస్తులు లేవు, చదువు లేదు. ఈ ఊళ్లో నన్ను పెళ్లికి పిలిచినా, చావుకు పిలిచినా, పంచాయితీకి పిలిచినా నా నోటి కోసమే పిలుస్తారు. దాన్ని ఏడాది పాటు మూసేస్తే నాలో మిగిలేది ఈ మోకాలొక్కటే. పంచమికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

కుంటుతూనే బండిని నెట్టుకుంటూ మెదక్ రోడ్డులోని చాచా షెడ్డుకు పోయాను. చాచా ముసలి మెకానిక్. సిద్దిపేటలో పాత బండ్ల నాడి చూడగలిగిన ఆఖరి మనిషి. నన్ను చూడగానే కూర్చున్న డబ్బా మీద నుంచి లేచి సలాం కొట్టాడు. ఆయన సలాం కొట్టాడంటే ఏదో అంటాడని అర్థం.

"రండి రండి, కిక్కు పైల్వాన్ వచ్చిండు."

"చాచా, సెల్ఫు చెయ్యాలె."

"సెల్ఫు ముసలోళ్లకు అంటివి?"

"ముసలోన్నైన చాచా. ఒప్పుకుంటున్న."

"గది నోటితోని అనిపియ్యనీకె నాలుగేండ్ల సంది ఆగిన" అని పానా చేతిలోకి తీసుకున్నాడు.

ముందు బ్యాటరీ చూశాడు, బాగుంది. బటన్ నొక్కితే సీటు కింద నుంచి టిక్కుమని చప్పుడు వచ్చింది. అంటే కరెంటు వస్తోంది, మోటారే తిరగడం లేదు. ఆ మోటారు ఇంజిన్ అడుగున ముందువైపు, నున్నగా, గుండ్రంగా ఉంటుంది. రెండు బోల్టులు, ఒక వైరు, అంతే దాని సంసారం. కానీ తుప్పు ఎంత గట్టిగా పట్టిందంటే, సుత్తి పిడితో పదిసార్లు బతిమాలితే గానీ ఊడి రాలేదు. గోనెసంచి మీద పెట్టి మూత విప్పాడు.

లోపల రాగి తీగ చుట్టలు ఎర్రగా మెరవాలి. మాకు కనిపించింది పచ్చని బూజు, దాని మీద ఎర్రటి ముద్ద, ఆ ముద్దలో ఇరుక్కుపోయిన బొగ్గు ముక్కలు. వాటి గుండానే కరెంటు లోపలికి పోవాలట. అవి కదిలే స్థితిలో లేవు. చాచా వేలితో ఎర్రటి ముద్ద తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నూనె కాదు" అన్నాడు. మళ్లీ వాసన చూశాడు. "కొబ్బరి."

నేను చెప్పులకేసి చూసుకున్నాను.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. దసరా నాడు మా గల్లీలో అందరూ బండ్లు కడిగి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముందు నేల మీద కొబ్బరికాయ కొడతారు. పన్నెండేళ్ల కింద నేను ఆ పూజను సంస్కరించాను. "నేల మీద కొడితే పుణ్యం మున్సిపాలిటీకి పోతది. బండికేమొస్తది?" అని అడిగాను. ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. ఎనిమిదో తరగతి వాడు వేసే ప్రశ్నలకు జవాబులుండవు. ఇంజిన్ కింద అభిషేకం కోసమే పుట్టినట్టు కనిపించే ఆ గుండ్రటి ముక్కను చూపించి, బండి ప్రాణమంతా ఇందులోనే ఉందని చెప్పి, దానికి పసుపూ కుంకుమా దట్టించి, కాయ నీళ్లన్నీ దాని మీద పోశాను. చూడటానికి చాలా పవిత్రంగా ఉంది. మరుసటేడు గల్లీ అంతా అలాగే చేసింది. స్కూటీలకు, ఆటోలకు, ఒకాయన జనరేటరుకు కూడా. సెల్ఫ్ చచ్చిపోయాక కూడా నేను ఏటేటా పోస్తూనే ఉన్నాను. పైగా పోయిన దసరాకు రెండు కాయలు కొట్టాను, మోటారుకు ఆరోగ్యం బాగాలేదని.

చాచా గోనెసంచి మీద చేతులు తుడుచుకుంటూ, "మీ గల్లీ బండ్లన్నిట్ల గిదే వాసన" అన్నాడు. "దసరా పోయినంక పది పదిహేను రోజులకు నా కాడికి లైను కడ్తరు. గా నెల ఇంటి ఖర్చంత మీ గల్లీదే."

"నీకు ఎన్నేండ్ల సంది తెల్సు?"

"మొదటి ఏడాది సంది."

"తెల్సి చెప్పకపోతివా చాచా!"

"మీ దేవుని కాడ నేనెట్ల నోరు పెడ్త బేటా? రేపటినాడు చాచా పూజ బంద్ చేయించిండంటే?" అని ఆగి, మీసంలో నవ్వాడు. "అదీగాక, గిరాకి గూడ మంచిగుండె."

పూజ నాది, ఫలం ఆయనకు దక్కింది. దేవుడికి చిరునామా విషయంలో పొరపాటు జరిగింది, అంతే.

ఆ మోటారుకు మళ్లీ ప్రాణం రాదని చాచా తేల్చేశాడు. అలాంటిది ఇప్పుడు దొరకదు. హైదరాబాదులో పాత సామాను అమ్మే ముగ్గురికి ఫోన్ చేస్తే ఇద్దరు లేదన్నారు. మూడోవాడు "ఆ బండి ఇంకా నడుస్తుందా?" అని అడిగి, అమ్ముతారా అన్నాడు. చివరికి చాచా ఇప్పటి బండి మోటారు ఒకటి తెచ్చాడు. ముసలి ఇంజినుకు పడుచు మోటారు. బోల్టుల ఎడం కుదరాలి, ఇరుసు పొడవు కుదరాలి, ఇరుసు మీది పళ్లు కుదరాలి. పెళ్లి సంబంధమైనా ఇన్ని చూడరు. ఇరుసును లేత్ మిషన్ మీద చెక్కించి, మోటారును బిగించే పట్టీ కొత్తగా చేయించేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నేను షెడ్డులోనే డబ్బా మీద కూర్చుని, మాట మిగిలి ఉండగానే వాడేద్దామని దారిన పోయే వాళ్లందరి మీదా జోకులు వేశాను.

పంచమికి ముందు రోజు మధ్యాహ్నం మోటారు బిగించాడు. "నొక్కు" అన్నాడు. నొక్కాను. మోటారు రుయ్యిమని తిరిగింది. ఇంజిన్ కదలలేదు. మళ్లీ నొక్కాను. మళ్లీ రుయ్యి. మా బామ్మర్ది నవ్వే తీరు ఇలాగే ఉంటుంది.

చాచా చెవి ఆనించి విని, తల కొట్టుకున్నాడు. "ఉల్టా తిరుగుతుంది."

"అంటే?"

"మీ పటేలు లెక్క. పార్టీ మారాలె దీనికి."

మోటారు విప్పాడు. లోపల అయస్కాంతాలు అతికించిన డొల్ల ఒకటి ఉంటుంది. దాన్ని సరిగ్గా సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించాడు. అంతే పని. తిరిగే దిక్కు మారిపోతుందట. నాకు నమ్మకం కలగలేదు కానీ, బొటనవేలితో ఇలా తాకానో లేదో, నాలుగేళ్లుగా నా చేత దండాలు పెట్టించుకున్న బండి ఒక్క దగ్గు దగ్గి లేచి నిలబడింది. పొగ నా మొహం మీదికే వదిలింది. చాచాను కౌగిలించుకుంటే ఆయన వెనక్కి తోశాడు.

"ఇగ ఇను. గీ మోటరుకు నీళ్లు, పాలు, తేనె, ఏది పోసినా నా షెడ్డు మెట్టు ఎక్కకు."

"గిరాకి పోదా చాచా?"

"నీ ఒక్కని బండికే చెప్తున్న. గల్లీకి చెప్పకు."

పంచమి రోజు పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకున్నాను. బండిని వాకిట్లో నిలబెట్టి, తాళం చెవి దానికే ఉంచి, మోకాలి పట్టీ కోసం లోపలికి పోయాను. పట్టీ చుట్టుకుంటుంటే బయట బండి లేచిన చప్పుడు. ఒక్క నొక్కుకే. ఎవడో ఎత్తుకుపోతున్నాడనుకుని కుంటుతూ పరిగెత్తాను.

మా ఆవిడ. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, హెల్మెట్ పెట్టుకుని, బండి మీద కూర్చుని ఉంది.

"దిగవే, టైమైతుంది" అన్నాను.

"ఎక్కు, టైమైతుంది" అంది.

"గది గేర్ల బండి. స్కూటీ గాదు."

"మా బాపు బండి గేర్లది గాదా? పత్తి ఏసిన ప్రతి ఏడు హుస్నాబాద్ పోయి ఇత్తనాలు తెచ్చింది ఎవలనుకున్నవ్?"

"ఎన్నడు చెప్పలేదేంది?"

"నువ్వెన్నడు అడిగినవ్? బండొచ్చిన నాడు నేను నడుపుత అంటే ఏమన్నవ్? కిక్కు కొట్టి లేపు, తాళం నీదే అన్నవ్. సెల్ఫు ఉన్నది గదా అంటే, సెల్ఫు లెక్కకు రాదన్నవ్." హెల్మెట్ అద్దం పైకెత్తి నా మోకాలిని చూసింది. "నువ్వు కొడ్తవా కిక్కు? కొట్టు మరి. దిగుత."

కొట్టలేను. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు, పక్కింటి గోడ మీద నుంచి చూస్తున్నవాళ్లకూ తెలుసు. పన్నెండేళ్లుగా ఆ కిక్కు రాడ్డు ఒక్కటే ఆ బండిని నాది అని చెప్పే పట్టా. సెల్ఫు బాగయ్యాక అది బొటనవేలున్న ఎవరిదైనా అయిపోయింది. నాలుగు రోజులు తిరిగి, ముసలివాణ్నని ఒప్పుకుని, చాచా చేత మోటారు పార్టీ మార్పించి మరీ నేను సాధించింది ఇదా!

"పందెం ఉన్నదే" అన్నాను, చివరి ఆయుధంగా.

"తెలుసు" అంది. "గందుకే ముంగట కూసున్న."

ఎక్కాను. వెనక పట్టుకోవడానికి ఒక కడ్డీ ఉంటుందని పన్నెండేళ్లలో మొదటిసారి తెలిసింది. పాత బస్టాండు దగ్గర స్పీడ్ బ్రేకరుకు బండి ఆగిపోయింది, సరిగ్గా టీ కొట్టు ముందు. ఆమె బొటనవేలితో నొక్కింది. "ఒక్కటి!" అని కొట్టు మొత్తం అరిచింది. స్కూటీ తమ్ముడు మాత్రం లేచి నిలబడి, నా వైపు రెండు చేతులూ జోడించి, "అన్నా, చీర తెచ్చుకున్నవా?" అని అడిగాడు. నేను వేసిన జోకుకు వడ్డీ.

గౌరారం దగ్గర మలుపు తిరిగేసరికి మా బామ్మర్ది కారును కూడా దాటేసింది. మేమే ముందు చేరాం. కానీ మెట్ల దగ్గర కారు దిగిన బామ్మర్ది బండి మీద ఎవరు ముందు, ఎవరు వెనక కూర్చున్నారో దారిలోనే చూసుకున్నాడు.

"ఏంది బావా, డ్రైవర్‌ను పెట్టుకున్నవా?"

"నా బండి మీదనే వచ్చిన. మీకంటె ముంగట వచ్చిన."

"నడుపుకుంట వస్తనంటివి. అక్కా, నువ్వే చెప్పు."

మా ఆవిడ హెల్మెట్ తీసి, జుట్టు సరిచేసుకుంటూ, న్యాయమూర్తి కూడా అంత తీరికగా చెప్పడు, "ఓడిండు" అంది.

లోపల పిల్ల పలక మీద బియ్యంలో వేలు పెట్టి రాసింది. వెనక ఫ్లెక్సీలో ఏడుగురు నాయకులు తెల్లగా నవ్వుతున్నారు, ఆ తెలుపు నాదే. అమ్మవారికి దండం పెట్టుకున్నాను. నాకు చదువు ఎలాగూ ఇవ్వలేదు. ఇచ్చిన ఈ నోటిని కూడా గుడి మెట్ల దగ్గరే, ఏడాదికి, వెనక్కి తీసుకుంది. అయితే పందెంలో మా బామ్మర్ది జోకు వెయ్యొద్దన్నాడు గానీ రాయొద్దనలేదు. ప్లాట్లు అమ్మేవాడు కాగితం సరిగా రాయించుకోకపోవడం నేను ఇదే చూడటం. మీరు చదువుతున్న ఈ కాగితాలు ఆ సందులోంచి వచ్చినవే.

తిరుగు దారిలో ప్రజ్ఞాపూర్ దాటాక, చేతులు లాగుతున్నాయని మా ఆవిడ తాళం చెవి నాకిచ్చింది. పందెం అయిపోయింది కదా, ఇప్పుడు నడుపుకోవచ్చట. నడిపాను. కుకునూరుపల్లి దగ్గర గొర్రెల మంద అడ్డమొచ్చి బండి ఆగిపోయింది. వెనక లారీ హారన్ కొడుతోంది. నా కుడికాలు నన్ను అడగకుండానే లేచి కిక్కు రాడ్డు మీదికి పోయింది. మోకాలు కెవ్వుమంది. నేను పళ్లు బిగించుకుని ఆలోచిస్తుండగా, నా కుడి చంక కిందుగా గాజుల చెయ్యి ఒకటి ముందుకొచ్చి, బొటనవేలితో బటన్ నొక్కి, మళ్లీ వెనక్కి పోయింది. బండి లేచింది.

చాలా మంచి జోకు ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. గొర్రెలు, లారీ, గాజులు, అన్నీ కుదిరిన జోకు.

"ఏమన్న అంటవా?" అని వెనక నుంచి అడిగింది.

తల అడ్డంగా ఊపి, గేరు వేశాను.